సింగరేణిలో రోస్టర్ ఆగిపోయిన చోటు

2025 సెప్టెంబరు 22న రాష్ట్ర ప్రభుత్వం సింగరేణి లాభాల్లో కార్మికుల వాటా ప్రకటించింది. మొత్తం 819 కోట్ల రూపాయలు. ఒక్కో పర్మినెంట్ కార్మికుడికి 1,95,610 రూపాయలు. ఒక్కో కాంట్రాక్టు కార్మికుడికి 5,500 రూపాయలు. మరునాడు పత్రికల్లో మొదటి అంకె పెద్ద అక్షరాల్లో వచ్చింది. రెండోది వార్త చివర ఎక్కడో ఉంది.

ప్రభుత్వం చెప్పిన అంకెలతోనే లెక్క వేద్దాం. పర్మినెంట్ ఉద్యోగులు సుమారు 41 వేలు, కాంట్రాక్టు కార్మికులు సుమారు 30 వేలు. అంటే సింగరేణిలో చెమటోడ్చే ప్రతి వంద మందిలో 42 మంది కాంట్రాక్టు వాళ్లు. వాళ్లందరికీ కలిపి దక్కింది 16.5 కోట్లు. పంచిన ప్రతి వంద రూపాయల్లో రెండు రూపాయలు.

ఈ రెండు రూపాయలు కూడా 2024 దాకా లేవు. ఆ ఏడాది మొదటిసారి తలా 5 వేలు ఇచ్చారు. లాభంలో మీకూ భాగం ఉందని సంస్థ ఒప్పుకోవడానికి వందేళ్లు పట్టింది. అది ముందడుగే, కాదనలేం. అయితే ఈ రెండు అంకెల మధ్య ఉన్న ముప్పై అయిదు రెట్ల తేడా బోనస్ ఒక్కదానికి సంబంధించింది కాదు. ఎవరు సంస్థ మనిషి, ఎవరు బయటి మనిషి అని గీసిన గీత అది. ఆ గీతకు అవతల రిజర్వేషన్ లేదు. దళిత విద్యార్థులు, ఉద్యమకారులు చూడాల్సింది అక్కడే.

ఇప్పుడు పెద్ద కంపెనీలన్నీ వైవిధ్యం గురించి, అందరినీ కలుపుకుపోయే పని వాతావరణం గురించి మాట్లాడుతున్నాయి. అమెరికాలో 2020లో సిస్కో కంపెనీ మీద కాలిఫోర్నియా ప్రభుత్వ విభాగం వేసిన కేసుతో ఆఫీసుల్లో కులం సంగతి ప్రపంచానికి తెలిసింది. 2023 ఫిబ్రవరిలో సియాటెల్ నగరం కుల వివక్షను నిషేధించింది. అదే ఏడాది అక్టోబరులో కాలిఫోర్నియా బిల్లును గవర్నర్ వీటో చేశారు. ఇవి మన పిల్లలకు అవసరమైన పోరాటాలే. కానీ పాత కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాల్లో పెద్ద కంపెనీ అంటే ముందుగా గుర్తొచ్చేది సింగరేణి. ఏటా ఏప్రిల్ 14న ఏరియా ఆఫీసుల్లో బాబాసాహెబ్ ఫొటోకు ఎవరు దండ వేస్తున్నారో చూసి ఆ సంస్థ అందరినీ కలుపుకుపోతోందని అనుకోలేం. ఆ వేదికను ఊడ్చిన మనిషి పేరు ఎవరి మస్టర్‌లో ఉందో కూడా చూడాలి.

బాయి ఇచ్చిన బతుకు

ఇల్లందు దగ్గర 1871లో డాక్టర్ విలియం కింగ్ బొగ్గు ఆనవాళ్లు కనిపెట్టారు. 1886లో ఇంగ్లండ్‌లో రిజిస్టరయిన హైదరాబాద్ దక్కన్ కంపెనీ తవ్వకం హక్కులు తీసుకుంది. 1920 డిసెంబరు 23న ‘సింగరేణి కాలరీస్’ పేరు వచ్చింది. 1945లో నిజాం ప్రభుత్వం మెజారిటీ వాటాలు కొనడంతో సర్కారు చేతికి వచ్చింది. ఇప్పుడు రాష్ట్రానికి 51 శాతం, కేంద్రానికి 49 శాతం వాటా ఉంది. బెల్లంపల్లి, మందమర్రి, శ్రీరాంపూర్, రామగుండం, ఇలా గోదావరికి రెండు దిక్కులా బాయిలు లేచాయి. 2016లో జిల్లాలు విడిపోయి పెద్దపల్లి, మంచిర్యాల, కుమ్రంభీం ఆసిఫాబాద్ అయినా బొగ్గు పట్టీ ఒక్కటే.

ఆ బాయిల్లోకి దిగినవాళ్లలో మాల, మాదిగ, నేతకాని ఇళ్ల నుంచి వచ్చినవాళ్లు చాలామంది ఉన్నారు. ఊళ్లో దొర గడీ ముందు చెప్పులు చేతబట్టుకుని నడిచిన మనిషి ఇక్కడ నంబరు ఉన్న కార్మికుడయ్యాడు. తట్ట, చెమ్మస్ పట్టి టబ్బు నింపే పని నడుములు విరిచేది, ఊపిరితిత్తులు తినేది. అయినా నెల తిరిగేసరికి జీతం, క్వార్టర్, దవాఖాన, పిల్లలకు బడి వచ్చాయి. ఊరికి పోతే ‘బాయి దొర’ అన్నారు. వెటకారంగా అన్నా, దొర అనే మాట ఒక దళితుడి పేరు పక్కన చేరడం ఆ ఊళ్లలో చిన్న సంగతి కాదు.

అక్కడ కులం లేదని కాదు. టబ్బు నింపిన వాళ్ల ఇంటిపేర్లు, మేనేజర్ గదిలో కూర్చున్న వాళ్ల ఇంటిపేర్లు చాలాకాలం వేర్వేరు కులాలవే. అయితే సర్కారు సంస్థ కావడంతో నియామకాల్లో ఎస్సీ, ఎస్టీ రిజర్వేషన్ వచ్చింది. రోస్టర్ అంటే వంద పాయింట్ల పట్టిక. ఫలానా నంబరు పోస్టు ఫలానా వర్గానికే వెళ్లాలి. నింపకపోతే బ్యాక్‌లాగ్‌గా మిగులుతుంది. దాన్ని చూపించి అడగవచ్చు, కోర్టుకు పోవచ్చు, జాతీయ ఎస్సీ కమిషన్‌కు రాయవచ్చు. పెద్దమనుషుల దయ అక్కర్లేకుండా ఒక సంస్థ తలుపు తెరిపించిన సాధనం అదొక్కటే.

టెండరు కాగితంలో కరిగిన కోటా

1990ల మొదట్లో సింగరేణిలో లక్షకు పైగా కార్మికులు ఉండేవారు. ఏడాదికి తీసే బొగ్గు రెండు కోట్ల టన్నుల దరిదాపుల్లో ఉండేది. 2023–24లో ఏడు కోట్ల టన్నులు తీశారు. పర్మినెంట్ కార్మికులు మాత్రం 41 వేలకు దిగారు. బొగ్గు మూడింతలు దాటింది, మనుషులు సగానికి పైగా తగ్గారు.

యంత్రాలు రావడం ఇందుకు ఒక కారణం. భూగర్భ బాయిలు మూతపడుతూ ఓపెన్‌కాస్టులు పెరగడం ఇంకో కారణం. ఇప్పుడు పది టన్నుల బొగ్గులో తొమ్మిది ఓపెన్‌కాస్టుల నుంచే వస్తోంది. ఓపెన్‌కాస్టులో అన్నిటికన్నా పెద్ద పని బొగ్గు మీది మట్టి తీయడం. ఆ ఓబీ పని చాలావరకు ప్రైవేటు కంపెనీల చేతిలో ఉంది. దానికి తోడు బొగ్గు రవాణా, సీహెచ్‌పీల్లో శుభ్రం చేసే పని, సెక్యూరిటీ, క్యాంటీన్, గెస్ట్‌హౌస్, దవాఖానలో వార్డు పని, కాలనీల పారిశుద్ధ్యం, తోటపని ఒక్కొక్కటిగా టెండర్లకు పోయాయి.

రిజర్వేషన్ రద్దు చేస్తున్నామని ఎవరూ జీవో ఇవ్వలేదు. ఇచ్చి ఉంటే గోదావరిఖని చౌరస్తా నిండిపోయేది. ఒక పోస్టు ఖాళీ అయినప్పుడు దాన్ని నింపకుండా ఆ పనికి టెండరు పిలిస్తే చాలు, రోస్టర్ పట్టికలో ఆ పాయింటు మాయమవుతుంది. కాంట్రాక్టర్ ఎవరిని పెట్టుకోవాలో రోస్టర్ చెప్పదు. వందలో పదిహేను మంది ఎస్సీలు ఉండాలన్న నియమం అతనికి లేదు. లేబర్ ఆఫీసుకు అతను చూపాల్సింది ఎందరు మనుషులు, ఎంత కూలి, పీఎఫ్ కట్టాడా అన్నంతవరకే.

ఇక్కడే ఇంకో చిత్రం ఉంది. కులాల లెక్క తప్పనిసరి కాని చోట దళితులు లేరనుకుంటే పొరపాటు. ఊడ్చే పనికి, మరుగుదొడ్లు కడిగే పనికి, దవాఖానలో రక్తం, చీము తుడిచే పనికి కాంట్రాక్టర్‌ను ఏ రోస్టరూ బలవంతపెట్టక్కర్లేదు. ఆ పనికి మనుషుల్ని కులమే పంపుతుంది. కోటా తొలగిన చోట పాత కోటా తిరిగొచ్చింది.

ఈ నేపథ్యంలో ఎస్సీ వర్గీకరణను కూడా మళ్లీ చూడాలి. మాదిగ దండోరా 1994లో మొదలుపెట్టిన పోరాటం సుప్రీంకోర్టులో 2024 ఆగస్టు 1న గెలిచింది. 2025 ఏప్రిల్ 14 నుంచి తెలంగాణలో 59 కులాలను మూడు గ్రూపులు చేసి 1, 9, 5 శాతాల చొప్పున 15 శాతాన్ని పంచారు. ఎవరి వాటా ఎంత అన్న వాదన ఇంకా చల్లారలేదు. ఆ వాదనలో మాల మిత్రులు, మాదిగ మిత్రులు ఇద్దరూ అడగాల్సిన ప్రశ్న ఒకటుంది. ఆ 15 శాతం ఎన్ని పోస్టుల్లో? లక్ష పోస్టుల్లో 15 శాతం అంటే 15 వేల ఇళ్లు. 41 వేల పోస్టుల్లో అయితే ఆరు వేల పైచిలుకు. పంపకం గురించి కొట్లాడుతుండగానే పంచాల్సిన రొట్టె టెండరు కవర్లో వెళ్లిపోతోంది.

అసలు పని, కొసరు పని

2025 నవంబరు 21 నుంచి నాలుగు లేబర్ కోడ్‌లు అమల్లోకి వచ్చాయి. వాటిలో 2020 నాటి వృత్తి భద్రత, ఆరోగ్యం, పని పరిస్థితుల కోడ్ ఒకటి. సంస్థ తన ముఖ్యమైన పనుల్లో కాంట్రాక్టు కార్మికులను పెట్టకూడదని అందులోని 57వ సెక్షన్ చెబుతోంది. వినడానికి బాగుంది. కానీ ఏది ముఖ్యమైన పని కాదో చెప్పే జాబితా కూడా అదే చట్టంలో ఉంది. మామూలుగా ఆ సంస్థ స్థాపించింది ఆ పని కోసమే అయితే తప్ప ఈ జాబితాలోనివి ముఖ్యమైనవి కావట. అందులో మొదటి పేరు పారిశుద్ధ్యం: ఊడ్వడం, కడగడం, దుమ్ము దులపడం, అన్ని రకాల చెత్త ఎత్తిపోయడం. ఆ తరువాత కాపలా, క్యాంటీన్, లోడింగు–అన్‌లోడింగు, దవాఖానలు, తోటపని, రవాణా వస్తాయి.

ఈ జాబితాను ఒక్కసారి మన వాడల్లోకి తీసుకెళ్లి చదవండి. ఏ పనులు ఎవరి ఇళ్లకు తరతరాలుగా అప్పజెప్పారో తెలిసినవాళ్లకు వేరే వివరణ అక్కర్లేదు. ఆ చట్టంలో కులం అన్న మాట ఎక్కడా లేదు. అయినా ఊరి చివర గీసిన గీత అందులో కనిపిస్తుంది. ముఖ్యమైన పనికి మినహాయింపులు కూడా ఉన్నాయి. ఆ పని మామూలుగా కాంట్రాక్టర్ ద్వారానే జరుగుతూ ఉంటే కొనసాగించవచ్చు. ఓబీ పని ఇన్నాళ్లూ కాంట్రాక్టర్లే చేస్తున్నారు కనుక ముందూ వాళ్లే చేస్తారన్న వాదనకు అది దారి తెరిచింది.

జీతం సంగతి చూద్దాం. ఒకే రకమైన పని చేస్తే కాంట్రాక్టు కార్మికుడికీ అదే వేతనం ఇవ్వాలని 1971 నాటి కాంట్రాక్టు లేబర్ కేంద్ర నిబంధనలు చెప్పాయి. తాత్కాలిక ఉద్యోగులకు సమాన పనికి సమాన వేతనం వర్తిస్తుందని 2016 అక్టోబరులో జగ్జీత్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. కోల్ ఇండియాలో కాంట్రాక్టు కార్మికులకు 2013 నుంచి హైపవర్ కమిటీ నిర్ణయించిన వేతనాలు ఉన్నాయి. సింగరేణిలోనూ అవే ఇవ్వాలని 2022 సెప్టెంబరులో కాంట్రాక్టు కార్మికులు రెండు వారాలకు పైగా సమ్మె చేశారు. సమ్మె ముగిసినా ఆ డిమాండు ముగియలేదు.

ఇక 2023 డిసెంబరు 27న గుర్తింపు సంఘం ఎన్నికలు జరిగాయి. దాదాపు 40 వేల మంది ఓటర్లు. ఏఐటీయూసీ గెలిచింది, ప్రాతినిధ్య సంఘం హోదా ఐఎన్‌టీయూసీకి దక్కింది. అన్ని సంఘాల వాగ్దానాల్లోనూ కాంట్రాక్టు కార్మికులు ఉన్నారు. ఓటరు జాబితాలో ఒక్కరూ లేరు. యాజమాన్యంతో ఎవరు మాట్లాడాలో నిర్ణయించే హక్కు లేని మనిషి ఆ సంస్థలో చుట్టమే తప్ప ఇంటివాడు కాడు.

ఆడబిడ్డలకు తెరిచిన తలుపు

1952 నాటి గనుల చట్టం 46వ సెక్షన్ మహిళలను భూగర్భంలోకి రానివ్వలేదు. 2019 ఫిబ్రవరిలో కేంద్రం దాన్ని సడలించింది. ఓపెన్‌కాస్టుల్లో రాతపూర్వక అంగీకారంతో రాత్రి షిఫ్టు చేయవచ్చు. భూగర్భంలో మాత్రం పొద్దున ఆరు నుంచి రాత్రి ఏడు దాకా, అదీ టెక్నికల్, సూపర్‌వైజరీ, మేనేజీరియల్ పనుల్లోనే. డిగ్రీ, డిప్లొమా ఉన్న అమ్మాయికి దారి దొరికింది. తండ్రి ఉద్యోగం కింద జనరల్ అసిస్టెంట్‌గా చేరిన అమ్మాయికి దొరకలేదు. కొత్త కోడ్ ఆ తేడాను కాగితం మీద తీసేసింది. అంగీకారం ఉంటే అన్ని పనులకూ మహిళలు అర్హులే. సంస్థ కూడా ఈమధ్య మహిళలకు భారీ యంత్రాల మీద శిక్షణ ఇస్తోంది. డంపర్ స్టీరింగ్ మీద ఆడబిడ్డ చేయి పడటం సంతోషించాల్సిందే.

అదే ప్రాంగణంలో చీపురు పట్టిన మహిళల సంగతి ఎవరు చెబుతారు? లైంగిక వేధింపుల నిరోధానికి 2013లో వచ్చిన చట్టం కాంట్రాక్టర్ ద్వారా వచ్చిన మహిళను కూడా ‘ఉద్యోగి’గానే చూస్తుంది. అంతర్గత కమిటీకి ఆమె ఫిర్యాదు చేయవచ్చు. అయితే ఫిర్యాదు ఇచ్చిన మరునాడు మస్టర్‌లో పేరు ఉంటుందా అన్నది కాంట్రాక్టర్ చేతిలో ఉంది. కులం పేరుతో అవమానం జరిగితే అంతర్గత కమిటీలాంటిదీ చట్టంలో లేదు. పర్మినెంట్ ఉద్యోగులకు ఎస్సీ, ఎస్టీ లైజన్ ఆఫీసర్లు, సంఘాలు ఉన్నాయి. కాంట్రాక్టు కార్మికురాలికి మిగిలింది పోలీస్ స్టేషన్, అట్రాసిటీ కేసు. రోజు కూలి పోగొట్టుకుని ఆ మెట్లు ఎక్కేవాళ్లు ఎందరు?

వారసత్వం అనే ముడి

ఇక్కడ మనలో మనమే మాట్లాడుకోవాల్సిన ఒక కష్టమైన సంగతి ఉంది. వారసత్వ ఉద్యోగాలు కావాలని కోల్‌బెల్ట్ ఏళ్ల తరబడి కొట్లాడింది. 2017లో హైకోర్టు ఆ పథకాన్ని రాజ్యాంగంలోని 14, 16 ఆర్టికల్స్‌కు విరుద్ధమని కొట్టేసింది. సుప్రీంకోర్టు జోక్యం చేసుకోలేదు. ఆ తరువాత వైద్య కారణాలతో పని చేయలేని కార్మికుల పిల్లలకు కారుణ్య నియామకాలు మొదలయ్యాయి. బాయిలో ఒళ్లు గుల్ల చేసుకున్న దళిత కార్మికుడి ఇంటికి అవి ఊపిరి పోశాయి. ఆ హక్కును ఎవరూ తక్కువ చేయలేరు.

కానీ గేటు బయట ఇంకో దళితుడు ఉన్నాడు. ఓపెన్‌కాస్టు కింద ఊరు పోయినవాడు, అసైన్డ్ భూమి పోయినవాడు, ఐటీఐ చదివి ఓబీ కంపెనీలో హెల్పర్‌గా చేరినవాడు. అతని తండ్రి సింగరేణి కార్మికుడు కాదు. కొత్త పోస్టులు ఎక్కువగా కార్మికుల ఇళ్లకే పోతే, బయటి నుంచి తీసుకునే నోటిఫికేషన్లు కొద్దిగానే వస్తే, రోస్టర్ అతని దాకా చేరదు. కారుణ్య నియామకాలు ఆపమని అడగడం దీనికి మందు కాదు. రెండు తలుపులూ తెరిచి ఉండాలని అడగాలి. పర్మినెంట్ పని పెరగకుండా ఉన్న కొద్దిపాటి పోస్టులను చూపించి మనవాళ్లనే ఇద్దరిగా చీల్చే ఆటలో మనం పడకూడదు.

పైన మనవాళ్లు ఉన్నప్పుడు

సింగరేణిని చూసే ఇంధన శాఖ ఉప ముఖ్యమంత్రి భట్టి విక్రమార్క దగ్గర ఉంది. 2025 జూన్‌లో చెన్నూరు ఎమ్మెల్యే గడ్డం వివేక్ కార్మిక, గనుల శాఖలకు మంత్రి అయ్యారు. అదే రోజు ధర్మపురి ఎమ్మెల్యే అడ్లూరి లక్ష్మణ్ ఎస్సీ సంక్షేమ బాధ్యత తీసుకున్నారు. ముగ్గురూ దళిత నాయకులే, ఇద్దరు మన పాత జిల్లాల వాళ్లే. పెద్దపల్లి పార్లమెంటు సీటు, చెన్నూరు, బెల్లంపల్లి, ధర్మపురి అసెంబ్లీ సీట్లు ఎస్సీ రిజర్వుడు. అధికారానికి ఇంత దగ్గరగా ఉన్న సమయం కోల్‌బెల్ట్ దళితులకు అరుదు. అందుకే ఇప్పుడు అడగాలి.

మొదటిది, లెక్క. కాంట్రాక్టు కార్మికుల్లో ఏ పనిలో ఏ వర్గం వాళ్లు, ఎందరు మహిళలు అన్న వివరాన్ని సంస్థ ఏటా ఏరియా వారీగా బయటపెట్టాలి. సింగరేణి సమాచార హక్కు చట్టం కిందికి వచ్చే సంస్థ. రామగుండం, శ్రీరాంపూర్, మందమర్రి, బెల్లంపల్లి ఏరియాలకు విద్యార్థులు తలా ఒక దరఖాస్తు పెట్టినా పని మొదలవుతుంది. పారిశుద్ధ్యం, క్యాంటీన్, ఓబీ, సెక్యూరిటీని విడివిడిగా అడగండి.

రెండోది, టెండరు షరతు. ఆంధ్రప్రదేశ్‌లో 2020లో పెట్టిన ఆప్కాస్ ద్వారా అవుట్‌సోర్సింగ్ ఉద్యోగాల్లో సగం ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీలకు కేటాయించారు. కర్ణాటక 2024 మేలో ప్రభుత్వ శాఖల అవుట్‌సోర్సింగ్‌లో రిజర్వేషన్ పాటించాలని ఆదేశించింది. వాటి అమలులో లోపాలు ఎన్ని ఉన్నా, ఇది చట్టం ఒప్పుకోని పని అనే సాకు ఇక చెల్లదు. అయితే ఈ షరతు ఊడ్చే పనిలో మనల్ని ఇంకా గట్టిగా కట్టేసేదిగా ఉండకూడదు. ఆపరేటర్, డ్రైవర్, సూపర్‌వైజర్, ఎలక్ట్రీషియన్ పనులకే ముందు వర్తించాలి.

మూడోది, వేతనం, వాటా. హైపవర్ కమిటీ వేతనాలు ఇవ్వాలి. లాభాల్లో వాటాను ముందే నిర్ణయించిన శాతంగా మార్చాలి. ఏటా ప్రకటించే కానుకగా ఉన్నంతకాలం అది పండుగ మామూలే.

నాలుగోది, ఫిర్యాదు. కుల వివక్ష మీద విచారించే కమిటీ ప్రతి ఏరియాలో ఉండాలి. కాంట్రాక్టు కార్మికులకు అందులో ప్రతినిధి ఉండాలి. ఫిర్యాదు చేసినవాళ్లను తీసేస్తే టెండరు రద్దయ్యే నిబంధన రాయాలి.

అయిదోది, పారిశుద్ధ్యం. కేంద్ర చట్టం దాన్ని ముఖ్యమైన పని కాదన్నా, సొంత ఉద్యోగులతో చేయించుకోవద్దని ఏ చట్టమూ అనలేదు. వేల కోట్ల లాభం చూపే సంస్థకు ఈ ఖర్చు బరువు కాదు.

1943 డిసెంబరులో వైస్రాయ్ కౌన్సిల్ లేబర్ మెంబర్‌గా ఉన్న అంబేద్కర్ ధన్‌బాద్ బొగ్గు గనులకు వెళ్లారు. గనిలోకి దిగారు, కార్మికుల ఇళ్లు చూశారు. మరుసటి నెల చివర బొగ్గు గని కార్మికుల సంక్షేమ నిధి ఆర్డినెన్స్ వచ్చింది. టన్ను బొగ్గు మీద సెస్సు వేసి ఆ డబ్బును కార్మికుల ఇళ్లకు, నీళ్లకు, వైద్యానికి ఖర్చు పెట్టే ఏర్పాటు అది.

వచ్చే ఏప్రిల్ 14న ఏరియా ఆఫీసుల ముందు మళ్లీ దండలు పడతాయి. ఆ రోజు వేదిక దగ్గర ఒక ప్రశ్న అడుగుదాం. పొద్దున్నే వచ్చి ఈ స్థలం ఊడ్చిన అక్కకు ఈ నెల జీతం ఎంత, ఎవరిచ్చారు, రేపు ఆమె పని ఉంటుందా? ఈ మూడింటికీ మైకులో జవాబు చెప్పగలిగిన రోజున సింగరేణి అందరినీ కలుపుకున్న సంస్థ అవుతుంది.